నెల్లూరులో హైవే దాటి స్థలమా, ఊళ్లో పాత ఇల్లా?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. నీకు చెన్నైలో ఉద్యోగం, అమ్మానాన్న మూలాపేటలో అద్దెకున్నారు, లోనుతో కలిపి 65 లక్షల దాకా పెట్టగలవు. నీ ముందు మూడున్నాయి: పొదలకూరు రోడ్డులో హైవే దాటాక కొత్త వెంచర్లో అంకణం (మన లెక్కలో 72 చదరపు అడుగులు) 2 లక్షల చొప్పున 25 అంకణాల స్థలం, మినీ బైపాస్ దగ్గర రెండు పడకగదుల కొత్త ఫ్లాటు, బాలాజీనగర్లో 12 అంకణాల్లో ఓ పాత ఇల్లు. బ్రోకరేమో స్థలం ఐదేళ్లలో డబుల్ అంటున్నాడు, నాన్నేమో హైవే దాటితే చుట్టాలు గడప తొక్కరు అంటున్నాడు, ఎవరి మాట వినాలి అని అడిగావు.

నాన్న మాట విను. కాకపోతే ఆయన చెప్పిన కారణానికి కాదు.

నేను చాలా ఏళ్లుగా బ్యాంకుల తరఫున ఇళ్లకు, స్థలాలకు విలువ కట్టే పని చేస్తున్నా. అమ్మేవాడు చెప్పే రేటు, కొనేవాడు నిజంగా ఇచ్చే రేటు, రిజిస్ట్రారు ఆఫీసులో ఉండే గవర్నమెంటు రేటు, బ్యాంకు ఒప్పుకునే రేటు, ఈ నాలుగూ నా టేబుల్ మీదకి వస్తాయి, నాలుగూ కలిసిన కేసు మాత్రం అరుదు. అందరూ రేటు పెరిగిందా అని అడుగుతారు. ఏ రేటు అని తిరిగి అడిగితే మనిషి ఆలోచనలో పడతాడు.

నెల్లూరులో ఒక ఏరియాకి పేరు ఎట్టా వస్తుందో, ఎట్టా పోతుందో తెలిస్తే నీ సమస్య సగం విడిపోతుంది. మాగుంట లేఅవుట్‌నే తీసుకో. ట్రంకు రోడ్డు, సంతపేట, రంగనాయకులపేట చుట్టూ బతికిన పాత ఊరి వాళ్లకు అది రైలు కట్టకు అవతల ఉన్న చోటు. ఇప్పుడు అక్కడ ఇల్లుందంటే పెళ్లి సంబంధాల్లో చెప్పుకునే మాట అయింది. వేదాయపాళెం అంటే ఓ చిన్న స్టేషను, దాని చుట్టూ ఊరు, ఇప్పుడు చుట్టుపక్కల లేచిన కాలనీలన్నీ ఆ పేరు పెట్టుకునే అమ్ముడుపోతున్నాయి. చింతారెడ్డిపాళేనికి మెడికల్ కాలేజీ వచ్చాక దశ తిరిగింది. మినీ బైపాస్‌లో బైపాస్ అన్న మాట పేరులో మిగిలింది అంతే, ఊరు దాన్ని ఎప్పుడో మింగేసి అసలు హైవే దాకా పోయింది. ఇప్పుడు హైవేని కూడా దాటుతోంది, నీకు చూపించిన వెంచరు అక్కడిదే. ఇంకోపక్క స్టోన్‌హౌస్‌పేట, మూలాపేట లాంటి చోట్ల పాత ఇళ్లు కలిగిన కుటుంబాల పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో పోయారు, కారు తిరగని సందులు మిగిలాయి, ఒకప్పుడు ఊరికి నడిబొడ్డు అనిపించుకున్న వీధులను ఇప్పుడు 'అబ్బే, పార్కింగు లేదండీ' అని ఒక్క ముక్కలో తీసేస్తున్నారు.

ఈ మార్పంతా భూమిలో జరిగింది కాదు. భూమి ఎక్కడిది అక్కడే ఉంది, మెరక మెరకగానే పల్లం పల్లంగానే ఉంది. మారింది మనుషులు వచ్చే దారి.

పేరుని సాగదీయడం బ్రోకర్లకు బాగా వచ్చు. హైవే మీద బుజబుజనెల్లూరు దగ్గర స్థలమైతే 'అయ్యప్పగుడి పక్కనే' అంటారు. కాకుటూరు అయితే 'యూనివర్సిటీ దగ్గర'. గొలగమూడి వైపు అయితే వెంకయ్యస్వామి ఆశ్రమం పేరు చెప్పి అమ్ముతారు, పుణ్యం కూడా రిజిస్ట్రేషన్లో కలిపి ఇస్తున్నట్టు. ఒక ఫ్లెక్సీ మీద 'మాగుంట లేఅవుట్ నుంచి 10 నిమిషాలు' అని చూశా. ఏ టైములో పది నిమిషాలో రాయలేదు. ఆ బొమ్మలో అండర్ బ్రిడ్జి కూడా లేదు.

అండర్ బ్రిడ్జి గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నెల్లూరులో ఇంటి ధరను నిజంగా తేల్చేది అదే అని నా నమ్మకం. ఊరిని రైలు లైను రెండు ముక్కలు చేసింది. విజయమహల్ గేటు, కొండాయపాళెం గేటు అని ఏరియాల పేర్లలోనే గేటు ఉండిపోయిన ఊరు ఇది. కట్టకు ఆ పక్క నుంచి ఈ పక్కకు రావడానికి ఉన్న దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిలు గట్టి వాన పడితే నీళ్లు నిలిచి ఆగిపోతాయి. మన దగ్గర గట్టి వానలు పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనాలతో, పైన వాయుగుండం పడితే చెప్పే పని లేదు. అందుకే ఇల్లు చూడాలంటే ఏప్రిల్లో కాదు, నవంబరులో వాన వెలిసిన మర్నాడు చూడమని అడిగిన ప్రతివాడికీ చెబుతా. ఎండాకాలంలో ప్రతి లేఅవుటూ బాగానే ఉంటుంది.

ఇప్పుడు మెరక, పల్లం సంగతి. మనది పెన్న ఒడ్డున ఉన్న మాగాణి ఊరు. చుట్టూ కయ్యలు (వరి పొలాలు), చెరువులు, పంట కాలువలు. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ పెద్దవి, ఉయ్యాల కాలువ, మల్లప్ప కాలువ, రామిరెడ్డి కాలువ లాంటివి ఊళ్లోంచే పోతాయి, ఇప్పుడు చాలాచోట్ల ఇళ్ల మధ్య మురుగు కాలువల్లా కనిపిస్తాయి. ఒకప్పుడు కయ్యలకు నీళ్లు తెచ్చిన కాలువ మీద, దాని పక్కన ఇళ్లు లేస్తే వాన నీటికి పోయే దారి ఉండదు. 2015 నవంబరు వానల్లో ఏ వీధులు మునిగాయో ఆ వీధుల్లో పాత కాపురాలు ఉన్నవాళ్లని అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. 2021 నవంబరులో పెన్నకు 5 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినప్పుడు ఒడ్డునున్న భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి, అవతల పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగి బళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ వైపు స్థలాల గురించి అడిగేవాడే లేడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో పెన్నా బ్యారేజీ ప్రారంభమైంది, దాని మీద రోడ్డు వచ్చింది, మాటలు మళ్లీ మొదలయ్యాయి. జనం మరిచిపోవడానికి పెద్దగా టైము పట్టదు. వరద మాత్రం దాని దారి మరిచిపోదు, దాన్ని ఎవరూ మళ్లించలేదు కాబట్టి.

నీకు చూపించిన వెంచరు కయ్యల్లో వేసిందయితే, అది రోడ్డు కంటే ఎంత కిందకి ఉందో చూడు. 25 అంకణాలంటే 1800 చదరపు అడుగులు. మూడడుగులు మెరక చేయాలంటే 5400 ఘనపు అడుగుల మట్టి, అంటే వంద ఘనపు అడుగులు ఒక యూనిట్ లెక్కన 54 యూనిట్లు, అదీ అణిగిపోయేది కలపకుండా. ఆ గ్రావెల్ ఖర్చు, పునాదికి పడే అదనపు ఖర్చు బ్రోకరు చెప్పిన రేటులో ఉండవు. పైగా నువ్వు మెరక చేశాక పక్కవాడు ఇంకో అడుగు ఎక్కువ చేస్తాడు, తర్వాత మున్సిపాలిటీ వాళ్లు రోడ్డు వేసి మీ ఇద్దరినీ పల్లం చేస్తారు. నెల్లూరులో ఇది కొత్తేమీ కాదు, ఇంట్లోకి మూడు మెట్లు దిగి వెళ్లే పాత ఇళ్లు నువ్వూ చూసే ఉంటావు.

ఇక అంకణం. చెన్నైలో మీ కొలీగ్స్ గ్రౌండు అంటారు, 2400 చదరపు అడుగులు. మనకు అంకణం అంటే 72 చదరపు అడుగులు, 8 గజాలు. అదే తిరుపతి వైపు అంకణం అంటే 36 అడుగులే. గూడూరు దాటాక ఎవరైనా అంకణం ఇంత అని చెబితే ఏ అంకణం అని అడుగు, సిగ్గుపడకు. ఎకరం 605 అంకణాలు, సెంటు 6 అంకణాలకు పిసరు ఎక్కువ. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే వెంచరు వాడి జేబులోకి తొంగి చూడొచ్చు. ఎట్టా అంటే, ఎకరంలో రోడ్లకు పోను, పదిశాతం ఖాళీ జాగా వదలగా అమ్ముకోవడానికి 55 నుంచి 60 శాతం మిగులుతుంది, మధ్యస్థంగా 340 అంకణాలు అనుకో. పక్కనే ఉన్న కయ్య ఎకరం ఎంతకి పోయిందో ఆ ఊళ్లో టీ అంగడి దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. ఉదాహరణకి 2 కోట్లు అన్నారనుకో, అంకణానికి దగ్గర దగ్గర 59 వేలు పడినట్టు. దానిమీద రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, ఫీజులు, వడ్డీ కలుపు. ఆ పైన నీకు 2 లక్షలు చెబుతున్నాడంటే మధ్యలో తేడా ఎక్కడికి పోయిందో ఆలోచించు. అందులో మంచి భాగం ఒకరి కింద ఒకరుండే ఏజెంట్ల కమిషన్లు. ఆ కమిషను నువ్వు ఈరోజు కడుతున్నావు, రేపు అమ్మేటప్పుడు దాన్ని నీకు ఎవరూ తిరిగి ఇవ్వరు. అందుకే వెంచర్లో కొన్న స్థలాన్ని రెండేళ్లకే రీసేల్‌కి పెడితే, పక్కనే కంపెనీ దగ్గర ఇంకా కొత్త ప్లాట్లు ఉంటే, కొన్న రేటు కూడా రాదు.

ఐదేళ్లలో డబుల్ అన్న మాటని కూడా లెక్కలో పెట్టు. 50 లక్షల స్థలం, పూర్తి విలువకి రిజిస్ట్రేషన్ చేస్తే మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే మూడు ముప్పావు లక్షలు. మొత్తం 53.75 లక్షలు. నీ డబ్బుకు 9 శాతం వడ్డీ వేసుకో, లోను తీసుకుంటే ఎలాగూ అంతకు అటూ ఇటూగా కడతావు, ఐదేళ్లకు అది 82 లక్షలు దాటుతుంది. ఐదేళ్ల తర్వాత స్థలం 75 లక్షలకు అమ్ముడుపోతే అందరికీ 'యాభైకి కొని డెబ్బై ఐదుకి అమ్మాడు' అని నీ గురించి గొప్పగా చెబుతారు, నీ ఇంట్లో లెక్క రాసుకుంటే ఏడు లక్షలు పోయాయి. మన బంధువుల్లో స్థలాల మీద సంపాదించామని చెప్పేవాళ్లలో ఎంతమంది ఈ లెక్క వేస్తారో నాకు అనుమానమే. సంపాదించినవాళ్లు లేరని కాదు. వాళ్లు చాలామంది వెంచరు దగ్గర కొనలేదు, రైతు దగ్గర కొన్నారు, పదేళ్లు ఇరవై ఏళ్లు కదలకుండా కూర్చున్నారు, మధ్యలో ఆ డబ్బుతో అవసరం రాలేదు.

రాబోయేవాటి సంగతి. 'ఎయిర్‌పోర్టు వస్తోంది' అని నీకు కూడా చెప్పే ఉంటారు. దగదర్తి ఎయిర్‌పోర్టుకి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది, అప్పటి నుంచి ఆ పేరు మీద ఎన్ని ప్లాట్లు చేతులు మారాయో లెక్కలేదు. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైనప్పుడు ముత్తుకూరు రోడ్డు మీద ఇదే ఊపు. లారీలు వచ్చాయి, గోడౌన్లు వచ్చాయి, ఉద్యోగాలూ వచ్చాయి, కానీ అందులో పనిచేసే ఆఫీసర్లు కాపురాలు పెట్టింది ఎక్కువగా నెల్లూరు ఊళ్లో, పిల్లల స్కూళ్లు ఇక్కడున్నాయి కాబట్టి. మళ్లీ 2024 మొదట్లో పోర్టులో కంటెయినర్ల పని ఆగిపోతోందని గొడవ రేగేసరికి ఆ రోడ్డు మీద కొన్నవాళ్ల గుండెల్లో రాయి పడింది. ఇప్పుడు కోట, చిల్లకూరు మండలాల వైపు క్రిస్ సిటీ అనే పారిశ్రామిక నగరం, దానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు, పైన గుడ్లూరు మండలంలో రామాయపట్నం పోర్టు. ఇవన్నీ నిజమైన పనులే, కాదనను. కానీ ఫ్యాక్టరీ వచ్చినచోట భూమి రేటు పెరగడం వేరు, ఇంటి రేటు పెరగడం వేరు. ఇంటి రేటుకు స్కూలు బస్సు, ఆసుపత్రి, కూరగాయల బండి కావాలి.

నెల్లూరులో ఇళ్లకి గిరాకీ తెచ్చేది పోర్టుల కంటే స్కూళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు. ఉదయగిరి, ఆత్మకూరు, రాపూరు, పొదలకూరు వైపు నుంచి కాస్త చేతిలో డబ్బు ఆడిన ప్రతి కుటుంబమూ పిల్లల చదువుకని ఇక్కడ మకాం పెడుతుంది. నేను గమనించింది ఏమిటంటే జనం తాము ఊరి నుంచి వచ్చే రోడ్డు వెంబడే ఇల్లు వెతుక్కుంటారు. పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటల వాళ్లు పొదలకూరు రోడ్డు మీద, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు వైపు వాళ్లు ఆ పక్క, రొయ్యల డబ్బు మైపాడు రోడ్డు పక్క. పండక్కో పంటకో ఊరికి పోవాలి కదా, ఊరంతా దాటుకుని పోవడం ఎందుకని. అందుకే నిమ్మకాయ రేటు బాగున్న ఏడు పొదలకూరు రోడ్డులో అడ్వాన్సులు గట్టిగా పడతాయి, రొయ్య దెబ్బతిన్న ఏడు తూర్పు వైపు అమ్మకాలు డీలా పడతాయి. దీనికి నా దగ్గర లెక్కల కాగితం ఏమీ లేదు, చూస్తూ వచ్చిన అనుభవమే. నీ విషయానికి వస్తే మీ నాన్నకు ఊరూ, స్నేహితులూ, డాక్టరూ అన్నీ మూలాపేట చుట్టూ ఉన్నాయి. ఆయన్ని తీసుకెళ్లి వేరే వాళ్ల ఊరి రోడ్డు మీద పెడుతున్నావు. చుట్టాలు రారన్న మాటకు అసలు అర్థం అది.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెబుతా. ఏరియా పేరు అని మనవాళ్లు అనేదాంట్లో సగం 'అక్కడ ఎవరుంటారు' అన్న ప్రశ్నే. ప్రభుత్వం పేదలకు కట్టిన టిడ్కో ఇళ్ల పక్కన అంటే మొహం చిట్లిస్తారు, ఫలానా కులం వాళ్ల వీధి అంటే ఇంకో లక్ష ఎక్కువ పెడతారు, ఫలానా మతం వాళ్లుంటే అమ్మేవాడు వీధి పేరు చెప్పకుండా ఏరియా పేరు చెబుతాడు. నా రిపోర్టులో దీనికి గడి లేదు, ఉండకూడదు కూడా. కానీ దీనివల్ల నిజంగా బాగున్న చోట్లు చౌకగా దొరుకుతాయి. మెరక మీద, వెడల్పాటి రోడ్డు, మంచి నీళ్లు ఉన్న వీధి, పక్కన పేదవాళ్ల కాలనీ ఉందన్న ఒక్క కారణంతో తక్కువకి పోతుంటే, వెనకాడకుండా కొనమంటా. రాత్రి తొమ్మిదికి ఆ వీధిలో నడిచి చూడు. అంగళ్లు తెరిచి ఉండి, ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని ఉంటే ఆ వీధి మీ అమ్మకి బాగుంటుంది. గేటు, సెక్యూరిటీ ఉన్న వెంచర్లో పదికి ఏడు ప్లాట్లు ఖాళీగా, తుమ్మ మొలిచి ఉంటే అసలు భయం అక్కడే.

ఇప్పుడు నీ మూడింటి సంగతి విడివిడిగా.

స్థలం. ఎల్.పి. నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) అడుగు, దాన్ని నుడా, అంటే నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ ఆఫీసులో సరిచూసుకో. 2017లో నుడా వచ్చాక చుట్టుపక్కల లేఅవుట్లు దాని పరిధిలోకి వచ్చాయి. 'పంచాయతీ అప్రూవ్డ్' అని చెబితే అక్కడితో మాట ఆపేయ్, లేఅవుట్‌ని సొంతంగా ఆమోదించే అధికారం పంచాయతీకి లేదు, చాలా బ్యాంకులు దాని మీద లోను ఇవ్వవు. రేపు ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే స్కీము) కట్టుకుందాంలే అంటారు, ఆ స్కీము ప్రభుత్వం తెరిచినప్పుడు మాత్రమే ఉంటుంది, దానికి కటాఫ్ తేదీ ఉంటుంది, ఖాళీ జాగా వదలని లేఅవుట్ అయితే దానికి చార్జీ వేరే. ఇంకోటి చాలామందికి తెలియదు: ఆమోదం వచ్చేటప్పుడు లేఅవుట్ వేసినవాడు పనులు పూర్తిచేస్తాడని హామీగా 15 శాతం ప్లాట్లు అధికార సంస్థకి తాకట్టు పెడతాడు. పనులు అయ్యాక విడిపిస్తారు. నీకు చూపించిన ప్లాటు ఆ పదిహేను శాతంలోది కాదని చూసుకో, మూల ప్లాటు ఎందుకు ఇంత చౌకగా ఇస్తున్నాడా అని సంతోషించే ముందు. సర్వే నంబరు పట్టుకుని 22ఎ నిషేధ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడు. నెల్లూరు చుట్టూ దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు, చెరువు పోరంబోకు, చుక్కల భూములు (పాత రికార్డుల్లో యజమాని పేరు చోట చుక్కలు పెట్టి వదిలేసినవి) చాలా ఉన్నాయి, ఒకే సర్వే నంబరులో ఒక సబ్ డివిజను శుభ్రంగా ఉండి ఇంకోటి జాబితాలో ఉండొచ్చు. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) ఒక్కటే చూసి సరే అనుకోకు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) వెనక్కి ముప్పై ఏళ్లు చదివించు.

బోరు నీళ్లు కూడా. పక్క ఇంట్లో బాటిల్ నింపి ల్యాబులో ఇవ్వు. లీటరుకు కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు, అది దాటితే గీజరు, కుళాయిలు, మీ అమ్మ జుట్టు, అన్నీ చెబుతాయి.

ఫ్లాటు. కొత్త ఫ్లాటు మెరుపుని చూడకు, అవిభక్త వాటా, అంటే కింది స్థలంలో నీకు వచ్చే భాగం ఎంతో చూడు. 40 అంకణాల స్థలంలో పది ఫ్లాట్లు కడితే నీకు వచ్చేది 4 అంకణాలు. ముప్పై ఏళ్ల తర్వాత నీకు మిగిలే ఆస్తి ఆ నాలుగే, గోడలూ టైల్సూ ఏడాదికేడాది తరిగిపోయేవే. ఎనిమిది ఫ్లాట్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. కార్పెట్ ఏరియా (ఇంటి లోపల నిజంగా వాడుకునే జాగా) అడుగు, బిల్డరు చెప్పే అడుగుల్లో మెట్లూ, లిఫ్టూ, వాచ్‌మన్ గదీ అన్నీ ఉంటాయి. అద్దె కోసం అయితే అసలు వద్దు: 60 లక్షల ఫ్లాటు నెలకు 15 వేలు తెచ్చినా ఏడాదికి 1.8 లక్షలు, మూడు శాతం, నువ్వు లోను మీద కట్టేదాంట్లో మూడో వంతు. అమ్మానాన్న ఉండటానికి అయితే వేరే మాట, లిఫ్టు పనిచేస్తూ, కింద ఫ్లాట్ల వాళ్లు మెయింటెనెన్సు సక్రమంగా కడుతుంటే ముసలివాళ్లకి ఫ్లాటే సుఖం.

బాలాజీనగర్ పాత ఇల్లు. నా ఓటు దీనికి, కొన్ని షరతులతో. 12 అంకణాలంటే 864 అడుగులు, చిన్నదే, కానీ పూర్తిగా నీ భూమి. అక్కడ వర్షాకాలం ఎట్టా ఉంటుందో చెప్పేవాళ్లు వీధి నిండా ఉన్నారు, ఏమీ దాచలేరు. ఆ ఏరియాకి కొత్తగా పేరు రావాల్సింది లేదు, ఉన్న పేరు కాస్త మాసింది, అందుకే బేరం ఆడొచ్చు. చూడాల్సినవి: సందులోకి అంబులెన్సు వస్తుందా, కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో ఆ రోడ్డుకి వెడల్పు మార్కింగు ఉందా, ఉంటే 12లో ఎన్ని అంకణాలు పోతాయి. స్లాబు కింద సిమెంటు పెచ్చులూడి కమ్ములు కనిపిస్తున్నాయా. కనిపిస్తుంటే కట్టడానికి విలువ సున్నా అనుకుని భూమి రేటుకే అడుగు, ఇల్లు కూల్చే ఖర్చు కూడా అందులో తీసెయ్. అమ్మేవాళ్లు అన్నదమ్ములయితే ఆడపిల్లలతో సహా అందరి సంతకాలూ కావాలి, 'మా అక్క ఏమీ అనదండీ' అన్న మాట నమ్మి రిజిస్ట్రేషన్ చేయించుకున్న వాళ్ల ఫైళ్లు కోర్టులో ఏళ్ల తరబడి ఉన్నాయి.

డబ్బు సంగతి ఒక్కటి గట్టిగా పట్టుకో. పాత ఇళ్ల బేరాల్లో 'ఇంత వైటు, ఇంత క్యాషు' అంటారు. బ్యాంకు లోను 30 నుంచి 75 లక్షల మధ్య అయితే ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వదు, ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలపరు, డీడులో తక్కువ రాస్తే లోను కూడా అంతకు తగ్గట్టే తగ్గుతుంది. పైగా స్థిరాస్తికి 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే తీసుకున్న వాడికి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది, ఆ మాట అమ్మేవాడికి నువ్వే నెమ్మదిగా చెప్పు, చాలామంది దారికొస్తారు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే నువ్వు అమ్మేవాడికిచ్చే డబ్బులో ఒక శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, అది మరిచిపోతే నోటీసు నీకే వస్తుంది. గవర్నమెంటు రేట్లు 2025 ఫిబ్రవరి 1న సవరించారు, పాత చీటీ చూసి స్టాంపు డ్యూటీ లెక్కేసుకోకు.

పోయిన రొట్టెల పండక్కి చెరువులో సొంతింటి రొట్టె కోసం వరుసలో నిలబడ్డానని రాశావు కదా, మంచిదే, ఆ వరుసలో నిలబడ్డవాళ్లలో సగం మందికి ఇల్లు దొరకడం కష్టం కాదు, తొందర కష్టం. బ్రోకరు 'ఆదివారం లోపు అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకోరు పట్టుకుపోతారు' అంటాడు. పట్టుకుపోనీ. హైవే అవతల ప్లాట్లకి ఇప్పట్లో కరువు రాదు.

ఆ స్థలం మీద మనసు ఇంకా లాగుతుంటే నాదొక మధ్యేమార్గం ఉంది. ఇప్పుడు బాలాజీనగర్ ఇల్లు కొని అమ్మానాన్నని అందులో పెట్టు. రెండు మూడేళ్ల తర్వాత ఆ వెంచర్లోనే ఎవరో ఒకరు పెళ్లి ఖర్చుకో, పిల్లల ఫీజుకో రీసేల్ పెడతారు, అప్పటికి రోడ్లు నిలిచాయో లేదో, ఎన్ని ఇళ్లు లేచాయో, రెండు వానాకాలాలు ఎట్టా గడిచాయో కంటికి కనిపిస్తుంది. అప్పుడు కంపెనీ రేటు కాకుండా మనిషి అవసరం రేటుకి అడగొచ్చు.

ప్రస్తుతానికి బాలాజీనగర్ ఇంటి పాత డాక్యుమెంట్ల జిరాక్సులు తెప్పించు, అమ్మేవాళ్ల వంశవృక్షం ధ్రువపత్రం ఉందో లేదో అడుగు, ఇంటి ముందు రోడ్డు గోడ నుంచి గోడకి ఎన్ని అడుగులుందో టేపు పెట్టి కొలిచి చెప్పు. ఆ మూడూ చూశాక ఎంత దాకా పెట్టొచ్చో నేను చెబుతా.